ఇంటి మీటరు నుంచి వెనక షెడ్డుకి 32 ఆంపియర్ల లైను: ఏ కేబులు వెయ్యాలి? (నరసన్నపేట)

పేట_కుర్రోడు
మే 11, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది నరసన్నపేట పక్క పల్లె. ఇంటి వెనక కొబ్బరిచెట్లు దాటాక నాన్న కాలం నాటి బండి పాక ఉండేది. అది తీసేసి రేకుల షెడ్డు వేశాం. ఒక పాత ఎలక్ట్రిక్ కారు కొన్నాను. దానికి 7.2 కిలోవాట్ల చార్జర్ పెట్టాలి, దాని మీద 32 ఆంపియర్లు అని రాసుంది. 200 ఆంపియర్ల ఇన్వర్టర్ వెల్డింగ్ మెషిను ఒకటి, 2 హెచ్‌పీ కంప్రెసర్ ఒకటి కూడా అక్కడే పెడదామని.

మీటరు ఇంటి ముందు వరండాలో ఉంది. అక్కణ్ణించి గోడ వెంబడి తిప్పి షెడ్డు దాకా టేపు పెడితే 42 మీటర్లు వచ్చింది. సింగిల్ ఫేజు. బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడు 2 కిలోవాట్లు అని ఉంది.

మా ఎలక్ట్రీషియన్ "ఫోర్ స్క్వేర్ (4 చదరపు మిల్లీమీటర్ల) వైరు తెచ్చెయ్, వంటింట్లో ఫ్రిజ్ పాయింటు నుంచి లాగేసి కొబ్బరిచెట్టుకి కట్టుకుంటూ పోదాం, ఎర్త్‌కి షెడ్డు దగ్గర ఒక రాడ్డు కొట్టేద్దాం" అన్నాడు. రానూపోనూ 84 మీటర్లు, కాయిల్ 90 మీటర్లు, లెక్క సరిపోయిందని కాయిల్ కొనేశాను కూడా. రాత్రి పడుకున్నాక ఎందుకో టెన్షన్ పట్టుకుంది. పని రేపో ఎల్లుండో. చెప్పండి.

స్పీడ్_మావ
మే 11, రాత్రి 9:52

ఏం కాదు బ్రో. మా మేనమామ టూ పాయింట్ ఫైవ్ వైరు మీదే మూడేళ్ళ నుంచి వెల్డింగ్ చేస్తున్నాడు. ఇక్కడ అడిగితే అందరూ భయపెడతారు.

పాత_లైన్‌మన్
మే 11, రాత్రి 10:20

మీ మేనమామ పుణ్యం చేసుకున్నాడు బాబూ. అందరూ చేసుకోరు కదా.

కుర్రోడా, పని ఆపు. ఫ్రిజ్ పాయింటుకి వచ్చిన వైరు గోడలో ఎంత మందం ఉందో చూశావా? సాధారణంగా అక్కడ టూ పాయింట్ ఫైవ్ ఉంటుంది. వెనకాల నువ్వు ఫోర్ కట్టు, టెన్ కట్టు, గోడలో ఉన్న ఆ సన్నదే మొత్తం మొయ్యాలి. కారు చార్జింగ్ అంటే గంటలకొద్దీ ఆగకుండా 32 ఆంపియర్లు. మిక్సీలాగా రెండు నిమిషాలు తిరిగి ఆగిపోయేది కాదు. గోడలో పైపు వేడెక్కుతుంది, తొడుగు మెత్తబడుతుంది, ఒక రాత్రి వాసన వస్తుంది. అప్పటికి నువ్వు నిద్రలో ఉంటావు.

రెండో సంగతి. మంజూరైన లోడు 2 కిలోవాట్లు పెట్టుకుని ఒక్క చార్జరే 7.2 లాగితే ఏటి? ముందు ఆఫీసులో లోడు పెంచుకోవాలి. కొబ్బరిచెట్టు సంగతి తరవాత చెప్తాను, బీపీ మాత్ర వేసుకోవాలి.

వోల్ట్‌మీటర్
మే 11, రాత్రి 10:48

విజయనగరం నుంచి. లెక్క చూపిస్తాను, తర్వాత మీ ఇష్టం.

రాగి ఫోర్ స్క్వేర్ తీగకి మీటరుకి సుమారు 4.6 మిల్లీ ఓములు. 84 మీటర్లకి 0.387 ఓము. 32 ఆంపియర్లు పోతే 12.4 వోల్టులు దారిలోనే పోతాయి. తీగ వేడెక్కాక ఇంకో పదిహేను శాతం కలుపుకోండి, 14 దాటుతుంది. సాయంత్రం మీ ఊళ్ళో ఎంత వోల్టేజీ ఉంటుంది?

సిక్స్ స్క్వేర్ అయితే 8.3 వోల్టులు. టెన్ స్క్వేర్ అయితే 4.9. అల్యూమినియం 16 స్క్వేర్ అయితే 5.1, అంటే రాగి టెన్‌కి దాదాపు సమానం. అల్యూమినియం 25 అయితే 3.2.

ఇంకొకటి గమనించండి. ఫోర్ స్క్వేర్‌లో పోయే ఆ 12.4 వోల్టుల్ని 32తో గుణిస్తే దాదాపు 400 వాట్లు. కారు ఎక్కుతున్నంతసేపూ ఆ 42 మీటర్ల పొడవునా 400 వాట్ల హీటరు వెలుగుతున్నట్టే. బిల్లు మీదే.

పేట_కుర్రోడు
మే 11, రాత్రి 11:05

సాయంత్రం 7 నుంచి 9 మధ్య 195 దాకా పడిపోతుంది సార్. ఫ్యాను పాకుతున్నట్టు తిరుగుతుంది. ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేసి ఆపమన్నాను. కాయిల్ మాత్రం వాపసు తీసుకోనన్నారు షాపులో.

గరివిడి_గౌరి
మే 12, ఉదయం 6:30

నేను రెండేళ్ళుగా ఎలక్ట్రిక్ కారు నడుపుతున్నాను. ఒక్క ప్రశ్న తమ్ముడూ. రోజుకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతావు?

పేట_కుర్రోడు
మే 12, ఉదయం 6:55

శ్రీకాకుళం వెళ్ళి రావడమే అక్కా. రానూపోనూ యాభై లోపే. ఆదివారాలు టెక్కలి అత్తారింటికి.

గరివిడి_గౌరి
మే 12, ఉదయం 7:20

మరి 32 ఆంపియర్లు ఎందుకు? నా కారు యూనిట్‌కి ఆరేడు కిలోమీటర్లు ఇస్తుంది. యాభై కిలోమీటర్లంటే ఎనిమిది యూనిట్లు. 3.3 కిలోవాట్ల చార్జర్ పెట్టుకుంటే మూడు గంటల్లోపు ఎక్కిపోతుంది. రాత్రి పదకొండుకి పెట్టి పొద్దున్న ఏడుకి తీస్తే 26 యూనిట్లు, నూట యాభై కిలోమీటర్లు. పాత కారు అంటున్నావు కాబట్టి, అసలు లోపలి చార్జర్ 7.2 తీసుకుంటుందో లేదో కూడా చూసుకో. గోడ మీద ఎంత పెద్ద డబ్బా తగిలించినా కారు లోపల ఉన్నది 3.3 అయితే అంతే తీసుకుంటుంది.

నేనూ మొదట్లో 7.2 అని ఎగిరాను. తర్వాత 16 ఆంపియర్లకి దిగాను. ఇప్పటిదాకా ఒక్క రోజు కూడా చాల్లేదని అనిపించలేదు. ఇంటి కనెక్షన్ మీదే సొంత కారు చార్జింగ్ చేసుకోవచ్చు, కేంద్రం గైడ్‌లైన్సులో ఆ మాట ఉంది. వేరే మీటరు అక్కర్లేదు, లోడు మాత్రం సరిపడా ఉండాలి.

సాలూరు_బాడీబిల్డర్
మే 12, ఉదయం 8:10

లారీ బాడీలు కట్టే పని మాది. వెల్డింగ్ మెషిను మీద 200 ఆంపియర్లని చూసి చాలామంది గుండె జారిపోతుంది. అది రాడ్డు దగ్గర, పాతిక వోల్టుల మీద. గోడ ప్లగ్గులోంచి అంత రాదు. 10 నంబరు రాడ్డు, అంటే 3.15 మిల్లీమీటర్లది, 100 ఆంపియర్ల మీద కాలుస్తావు. అప్పుడు 230 వోల్టుల వైపు టంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) పెట్టి చూడు, 17, 18 దాకా చూపిస్తుంది. నేను చూశాను కాబట్టి చెప్తున్నాను. పూర్తిగా 200కి తిప్పితే 30 దాటుతుంది, కానీ షెడ్డులో గేట్లు అతికేవాడికి 200తో పనేముంది?

కంప్రెసర్ మాత్రం స్టార్టింగ్‌లో ఐదారు రెట్లు లాగుతుంది. నడిచేటప్పుడు పదీ పదకొండు ఆంపియర్లు. దానికి మామూలు ఎంసీబీ (ఎక్కువ కరెంటు పోతే దానంతటదే తెంచే స్విచ్చు) పెడితే పడిపోతూ ఉంటుంది, ఆ స్టార్టింగ్ లాగుడు తట్టుకునే డి టైపు పెట్టు.

ఇంకో మాట. ఊళ్ళో వాళ్ళ గేట్లు చేసి డబ్బులు తీసుకునే ఉద్దేశం ఉందా? ఉంటే ఇప్పుడే చెప్పు.

పేట_కుర్రోడు
మే 12, ఉదయం 8:31

అప్పుడప్పుడు అన్నా... చుట్టాలవి...

సాలూరు_బాడీబిల్డర్
మే 12, ఉదయం 8:40

ఆ చుక్కలు చూస్తే అర్థమైంది. చుట్టాలవి ఉత్తినే చేస్తే సరే. డబ్బు తీసుకుంటే ఇంటి మీటరు మీద చెయ్యకూడదు, ఆ పనికి తగ్గ కేటగిరీ కనెక్షన్ వేరే తీసుకోవాలి. 2003 విద్యుత్ చట్టం 126 సెక్షన్ కింద లెక్క కడితే, వాడిన కేటగిరీ రేటుకి రెండింతలు వేస్తారు. మా వీధిలో ఒకాయనకి పడింది. చాలా రోజులు మొహం తిప్పుకుని తిరిగాడు.

వోల్ట్‌మీటర్
మే 12, ఉదయం 10:15

ఇప్పుడు లెక్క మారింది. చార్జర్ 15 ఆంపియర్లు, వెల్డింగ్ 18, కంప్రెసర్ 11. అన్నీ ఒకే ఫేజు మీద కలిస్తే 44, ఇంట్లో ఏసీ అదనం. కాబట్టి త్రీ ఫేజుకి అప్లై చేసి, ఒక్కొక్కటీ ఒక్కో ఫేజు మీద పంచండి. 195 వోల్టుల బాధ కూడా కొంత తగ్గొచ్చు. వీధి మొత్తం ఒకే ఫేజు మీద వేలాడుతుంటే మీరొక్కరే ఏం చేసినా లాభం లేదు కానీ, భారం పంచితే మీ ఇంటి వైరులో పడే డ్రాప్ అయినా తగ్గుతుంది. లోడు పెంచితే కిలోవాటుకింతని ఫిక్స్‌డ్ చార్జీ నెలనెలా పెరుగుతుంది, అది గుర్తుపెట్టుకోండి.

స్పీడ్_మావ
మే 12, ఉదయం 10:40

ఒక కారుకి త్రీ ఫేజా? రైస్ మిల్లు పెడుతున్నాడా ఏంటి?

పాత_లైన్‌మన్
మే 12, మధ్యాహ్నం 1:05

నువ్వు కాస్త ఆగు మావా.

కొబ్బరిచెట్టు సంగతి చెప్తానన్నాను. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజాము. తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పటికి నేను ఇంకా డ్యూటీలోనే ఉన్నాను. ఆ తర్వాత మేం చూసిన స్తంభాలు లెక్కపెట్టలేదు, పడని స్తంభం ఎక్కడుందా అని వెతుక్కున్నాం. నాలుగేళ్ళ ముందు హుద్‌హుద్‌లో విజయనగరం వైపు డ్యూటీ వేశారు, అదొక రకం. ఈ రెంటిలోనూ ఇళ్ళ మీంచి పాకలకీ షెడ్లకీ చెట్లకి కట్టుకుంటూ లాగిన సర్వీసు వైర్లు చాలా ఇబ్బంది పెట్టాయి. కొబ్బరి మట్ట ఊరికే పడదు, ఊగి ఊగి తొడుగు గీరుతుంది. చెట్టు గాలికి కదులుతుంది, వైరు కదలదు, ఎక్కడో ఒక చోట తెగుతుంది. తడి నేల మీద పడ్డ తీగ మీద కాలేసేది ముందు ఇంటి ఆడోళ్ళూ పశువులూ.

పైనుంచే పోవాలంటే సొంత స్తంభాలు పాతి, జీఐ (జింకు పూత ఇనుప) సపోర్టు తీగె లాగి, దానికి కేబులు కట్టాలి. చెట్లకి కాదు. నీకు జాగా నీదే కదా, భూమిలో వేసుకో.

జీడితోట
మే 12, మధ్యాహ్నం 2:30

మాది పలాస వైపు. తిత్లీ తర్వాత మా ఊరికి కరెంటు రావడానికి పదిహేను రోజులు పైనే పట్టింది. అప్పుడే జనరేటర్ కొన్నాం. ఇక్కడొక మాట చెప్పాలి. షెడ్డులో జనరేటర్ పెట్టి, రెండు వైపులా ప్లగ్గున్న వైరుతో ప్లగ్ పాయింటులోకి గుచ్చి, ఇల్లంతా వెలిగించేవాళ్ళు ఉన్నారు. అలా చేస్తే కరెంటు వెనక్కి మీటరు దాటి వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కి ఎక్కి, 230 కాస్తా 11 వేలు అవుతుంది. పైన లైను బాగుచేస్తున్న మనిషి సప్లై లేదనుకుని చెయ్యి పెడతాడు. కుర్రోడు రేపెప్పుడైనా జనరేటర్ ఆలోచన చేస్తే చేంజోవర్ స్విచ్ (వీధి లైనో జనరేటరో ఒక్కసారికి ఒక్కటే కలిపేది) లేకుండా చెయ్యకూడదు. ఫేజులతోపాటు న్యూట్రల్ కూడా తెంచే రకం తీసుకో.

పాత_లైన్‌మన్
మే 12, మధ్యాహ్నం 2:41

ఈ మాట రాసినందుకు నీకు దండం అమ్మా/బాబూ, ఎవరో తెలీదు. మా వాళ్ళలో ఒకడు అలాగే పోయాడు.

పేట_కుర్రోడు
మే 12, సాయంత్రం 6:00

సరే, భూమిలోనే. అయితే రాగా అల్యూమినియమా? షాపాయన రాగి టెన్ స్క్వేర్ ఆర్మర్డ్ (ఉక్కు తొడుగున్న) నాలుగు కోర్ల (లోపల నాలుగు తీగల) కేబులు రేటు చెప్తే కుర్చీ వెతుక్కున్నాను.

సాలూరు_బాడీబిల్డర్
మే 12, సాయంత్రం 6:45

నా ఓటు రాగికే. అల్యూమినియం జాయింట్లు వదులవుతాయి. మా షెడ్డులో టెర్మినల్ రెండుసార్లు కాలింది.

వోల్ట్‌మీటర్
మే 12, రాత్రి 8:20

కాలింది అల్యూమినియం వల్ల కాదన్నా, బిగించిన తీరు వల్ల. అల్యూమినియం తీగని ఒట్టిగా ఎంసీబీ స్క్రూ కింద బిగించినా, రాగితో కలిపి మెలేసి టేపు చుట్టినా కాలుతుంది. పైన ఆక్సైడ్ పొర కడుతుంది, వేడికి వ్యాకోచించి మెత్తబడి జారుతుంది, రాగి తగిలితే తడిలో తినేస్తుంది. బైమెటల్ లగ్గులు (తీగ చివర తొడిగే, రాగీ అల్యూమినియం కలిసిన బిళ్ళలు) వేసి, సరైన డైతో క్రింప్ చేసి, జాయింట్ పేస్టు రాసి పెడితే ఎన్నేళ్ళైనా ఉంటుంది. మీటరుకి వచ్చే సర్వీసు వైరు చాలా ఇళ్ళల్లో అల్యూమినియమే కదా.

నాలుగు కోర్ల 16 స్క్వేర్ అల్యూమినియం ఆర్మర్డ్ చాలు. లగ్గులకీ గ్లాండ్లకీ (కేబులుని బోర్డుకి బిగించేవి) నాలుగు డబ్బులు ఎక్కువైనా రాగి కంటే సగానికి సగం తక్కువ పడుతుంది. కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తుతో పాటు కేబులు మీద ఐఎస్ 1554 గానీ ఐఎస్ 7098 గానీ అచ్చు ఉందో లేదో చూడండి. ఉక్కు తీగల తొడుగు ఉండాలి.

జీడితోట
మే 12, రాత్రి 8:50

ఉక్కు తొడుగు కచ్చితంగా ఉండాలి. మా తోటలో పందికొక్కులు ప్లాస్టిక్ పైపు కొరికి, లోపలి వైరు కొరికి, అక్కడే చచ్చి పడి ఉన్నాయి. వాసన వస్తేగానీ ఎక్కడో తెలియలేదు.

వోల్ట్‌మీటర్
మే 13, ఉదయం 9:30

ఇప్పటిదాకా అందరం తీగ లావు గురించే మాట్లాడుకుంటున్నాం. నన్నడిగితే ఈ పనిలో మనిషిని కాపాడేది ఆ లావు కాదు. మొదటి పోస్టులో "షెడ్డు దగ్గర ఒక రాడ్డు కొట్టేద్దాం" అన్న మాటే నాకు నిద్ర పట్టనివ్వలేదు. కాస్త ఓపికగా చదవండి.

షెడ్డులో రాడ్డు కొట్టారు. ఐదు ఓములు వచ్చిందనుకుందాం, మన ఎర్రకంకర నేలల్లో అది బాగా వచ్చినట్టే. వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎర్త్ మూడు ఓములు. ఇప్పుడు కంప్రెసర్ బాడీకి ఫేజు తగిలింది. కరెంటు రాడ్డులోంచి నేలలోకి దిగి, ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ దగ్గర పైకి రావాలి. 230ని 8తో భాగిస్తే 29 ఆంపియర్లు. మీ ఎంసీబీ 32 ఆంపియర్లది. 29 దానికి ఫాల్టులా కనిపించదు, మామూలు లోడులా కనిపిస్తుంది. పడదు. ఎన్ని గంటలైనా పడదు. సి టైపు 32 ఆంపియర్ల ఎంసీబీ వెంటనే పడాలంటే 160 నుంచి 320 ఆంపియర్లు కావాలి.

అంతసేపూ కంప్రెసర్ బాడీ మీద ఎంత ఉంటుంది? 29ని 5తో గుణించండి. 144 వోల్టులు. చెమట చేత్తో, వట్టి కాళ్ళతో మీరు దాన్ని ముట్టుకుంటారు. ఎర్త్ ఉంది, ఎంసీబీ ఉంది, మనిషి పోయాడు.

అందుకే రెండు పనులు చెయ్యాలి. మొదటిది, ఇంటి ఎర్త్ నుంచి షెడ్డు దాకా కేబులుతో పాటే ఎర్త్ తీగ రావాలి. 8 నంబరు జీఐ తీగెలు రెండు వేసినా సరే. కేబులు ఉక్కు తొడుగుని కూడా గ్లాండు దగ్గర ఎర్త్‌కి బిగించాలి. షెడ్డు దగ్గర గొయ్యి కూడా తవ్వండి, వద్దనను. కానీ రెండూ కలపాలి. రెండోది, షెడ్డు బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. అది నేలలోకి కారిపోయే కరెంటుని చూస్తుంది, 0.3 సెకనులోపు పడిపోవాలన్నది దాని ప్రమాణం. ఇంటి దగ్గర, కేబులు మొదట్లో, 100 మిల్లీ ఆంపియర్లది, కొంచెం ఆలస్యంగా పడే రకం పెట్టండి. లేకపోతే షెడ్డులో ఏం జరిగినా ఇల్లంతా చీకటి, ఇంట్లో వాళ్ళు మిమ్మల్ని షెడ్డులోనే పడుకోమంటారు.

గరివిడి_గౌరి
మే 13, ఉదయం 10:05

కారు చార్జర్‌కి వేరే ఆర్‌సీసీబీ పెట్టు తమ్ముడూ. మామూలుగా షాపులో ఇచ్చేది ఏసీ టైపు. కారు లోపల ఏదైనా పాడైతే డీసీ లీకు రావచ్చు. అది వస్తే ఏసీ టైపుది మొద్దుబారి, తర్వాత అసలు ఫాల్టు వచ్చినా పడకపోవచ్చు. ఏ టైపు అడుగు. చార్జర్ పుస్తకంలో 6 మిల్లీ ఆంపియర్ల డీసీ లీకేజీ రక్షణ లోపలే ఉందని రాసి ఉంటే ఏ టైపు సరిపోతుంది. లేకపోతే బి టైపు కావాలి, దాని రేటు అడక్కు.

పేట_కుర్రోడు
మే 13, ఉదయం 10:30

144 వోల్టుల లెక్క నాన్నకి చదివి వినిపించాను. "మీ తాతయ్య కాలంలో లాంతరే నయం" అన్నాడు. గొయ్యి ఎంత లోతు? ఎర్త్‌కి బొగ్గూ ఉప్పూ వెయ్యాలా?

పాత_లైన్‌మన్
మే 13, సాయంత్రం 5:15

కేబులు గోతికి ముప్పావు మీటరు లోతు. కారు పైనుంచి ఎక్కే చోట మీటరు. అడుగున మూడంగుళాల ఇసక, దాని మీద కేబులు, మళ్ళీ మూడంగుళాల ఇసక, పైన అడ్డంగా ఇటికలు పేర్చు. సగం మట్టి పూడ్చాక ఎర్ర హెచ్చరిక టేపు పరుచు. రేపు అరటి మొక్క పాతడానికి నీ కొడుకు గునపం తెస్తాడు, అప్పుడు ముందు టేపు, తర్వాత ఇటిక తగలాలి. కేబులు లాగేటప్పుడు కొంచెం పాములా వదులుగా వెయ్యి, రెండు చివర్లా ఒక చుట్ట మిగుల్చు. లగ్గు పాడైతే కోసి మళ్ళీ వెయ్యడానికి పనికొస్తుంది. కొబ్బరి మొదళ్ళకి ఆరడుగుల దూరం ఉంచు. నీళ్ళ పైపుతో ఒకే గోతిలో వెయ్యకు.

పూడ్చేముందు టేపు పెట్టి ఫోటోలు తీసుకో, గోడ నుంచి ఎంత దూరమో కనిపించేలా. మా ఇంటికే నేను తియ్యలేదు. బోరు వేసినప్పుడు అనుభవించాను.

ఎర్త్‌కి రెండున్నర మీటర్ల జీఐ పైపు, బొగ్గూ ఉప్పూ పొరలు, పైన నీళ్ళు పొయ్యడానికి గరాటు. పాత పద్ధతే, పని చేస్తుంది. కానీ ఉప్పు పైపునే తినేస్తుంది. భావనపాడు, కళింగపట్నం వైపు ఇసక ఊళ్ళల్లో నాలుగేళ్ళకే పైపు జల్లెడైపోవడం చూశాను. నువ్వు కాస్త లోపలికున్నావు. రాగి పూత రాడ్డు, బెంటొనైట్ మట్టి వేసుకున్నా మంచిదే. ఏది వేసినా మే నెలలో కొలువు. ఆగస్టులో కొలిస్తే ఏ గొయ్యైనా మంచి నంబరే చూపిస్తుంది.

సాలూరు_బాడీబిల్డర్
మే 13, రాత్రి 9:10

ఒక్కటి మర్చిపోకు. షెడ్డు బోర్డులో న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ కలిపేసే మేస్త్రులున్నారు. "ఎర్త్‌లో కరెంటు వస్తోంది, కలిపేస్తే పోతుంది" అంటారు. కలపనివ్వకు. కలిపితే ఆర్‌సీసీబీ ఒక్క నిమిషం నిలబడదు, అప్పుడు దాన్నే పీకేస్తారు.

త్రీ ఫేజులో న్యూట్రల్ వదులైతే ఇంకో కథ. మా పక్క ఇంట్లో గాలివానకి న్యూట్రల్ తెగి, ఒక ఫేజు మీద 300 పైన, ఒకదాని మీద 100 వచ్చాయి. టీవీ, ఫ్రిజ్, పిల్లాడి లాప్‌టాపు అన్నీ పోయాయి. ఓవర్ వోల్టేజీ చూసి తెంచే రిలే ఒకటి మెయిన్‌లో పెట్టించు. న్యూట్రల్ లగ్గుని చేత్తో కాదు, పానాతో బిగించు.

పేట_కుర్రోడు
జులై 19, రాత్రి 8:15

రెండు నెలల తర్వాత అప్‌డేట్. త్రీ ఫేజుకి అప్లై చేస్తే లైసెన్సున్న కాంట్రాక్టర్ టెస్ట్ రిపోర్టు అడిగారు. పాత ఎలక్ట్రీషియన్‌కి లైసెన్సు లేదు. టెక్కలి నుంచి ఒకాయన వచ్చారు, మెగ్గర్ (తీగల తొడుగు ఎంత బాగుందో కొలిచే మీటరు) తెచ్చుకుని మరీ. పాత ఇంటి వైరింగ్ వంటింటి వైపు మెగ్గర్‌లో అర మెగా ఓము కూడా రాలేదు. కనీసం ఒకటి ఉండాలట. నేను 32 ఆంపియర్లు లాగుదామనుకున్న ఫ్రిజ్ పాయింటు అదే.

ఇప్పుడు నాలుగు కోర్ల 16 స్క్వేర్, ఇంటి దగ్గర 40 ఆంపియర్ల ఫోర్ పోల్ ఎంసీబీ, 3.3 చార్జర్. కారు ఎక్కుతుండగా మీటరు దగ్గర 224, షెడ్డులో 221.

కానీ ఒక సమస్య. షెడ్డులో వెల్డింగూ కంప్రెసరూ లైట్లూ ఉన్న ఆర్‌సీసీబీ, కంప్రెసర్ స్టార్ట్ అయితే పడిపోతోంది. కంప్రెసర్ మోటారు విప్పించాను, అంతా బాగానే ఉందన్నాడు.

వోల్ట్‌మీటర్
జులై 19, రాత్రి 8:50

కంప్రెసర్ ప్లగ్ పీకేసి, వెల్డింగ్ ఒక్కటే నడిపితే పడుతుందా?

పేట_కుర్రోడు
జులై 19, రాత్రి 9:20

ఇప్పుడే చూశాను. రాడ్డు అంటించగానే పడింది! లైట్ల ఎంసీబీ ఆపేసి చూసినా పడింది.

వోల్ట్‌మీటర్
జులై 19, రాత్రి 9:35

అయితే మెషిన్లు కాదు. ఎక్కడో న్యూట్రల్ ఎర్త్‌కి తగులుతోంది. బరువు లోడు పడ్డప్పుడు న్యూట్రల్ తీగలో రెండు మూడు వోల్టులు లేస్తాయి, కొంత కరెంటు ఆ తగిలిన చోటునుంచి ఎర్త్‌లోకి జారుకుంటుంది, ఆర్‌సీసీబీకి లెక్క తేడా వస్తుంది. సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజునే తెంచుతుంది, న్యూట్రల్‌ని కాదు. అందుకే లైట్ల ఎంసీబీ ఆపినా లైట్ల న్యూట్రల్ తగులుతూనే ఉంటుంది. రేపు మెయిన్ ఆపి, న్యూట్రల్ లింకు నుంచి ఒక్కొక్క తీగా విప్పి ఎర్త్‌తో మెగ్గర్ పెట్టించండి. మీరు చెయ్యకండి, ఆయన్నే పిలవండి.

పాత_లైన్‌మన్
జులై 19, రాత్రి 9:50

రేకుల గోడ కదా. స్క్రూలు చూడు.

పేట_కుర్రోడు
జులై 21, మధ్యాహ్నం 12:30

స్క్రూయే! బయట గుమ్మం లైటు బ్రాకెట్టు బిగించిన స్క్రూ, వెనక పోతున్న నల్ల తీగ (న్యూట్రల్) తొడుగుని కోసేసింది. తీగ మార్చి, స్క్రూ ఇంకో చోట వేశారు. కంప్రెసర్, వెల్డింగ్, చార్జర్ మూడూ కలిపి గంట నడిపాం, పడలేదు. టెస్ట్ బటన్ నొక్కితే పడింది. నెలకోసారి నొక్కమని నాన్నకి చెప్పాను, ఆయన పొద్దున్నా సాయంత్రం నొక్కుతున్నాడు.

స్పీడ్_మావ
జులై 21, మధ్యాహ్నం 12:50

ఆ ఫోర్ స్క్వేర్ కాయిల్ ఏమైంది బ్రో? సగం రేటుకిస్తే మా మేనమామకి మార్పించేస్తాను. మొన్న ఆయన ప్లగ్ కరిగిపోయింది.

పేట_కుర్రోడు
జులై 21, మధ్యాహ్నం 1:15

వంటింటి వైరింగ్‌కి వాడేశాం బ్రో. పన్నెండు మీటర్లే మిగిలింది. మీ మేనమామది మీటరు నుంచి ఎంత దూరం?